రెండు పలకల రైలు

మూడు నెలలకోసారి మా నాయిన ఇల్లు మారతాడు. జనవరి నుంచి మార్చి దాకా జహీరాబాద్‌లో అన్న దగ్గర, ఏప్రిల్ నుంచి జూన్ దాకా పటాన్‌చెరు పక్కన బీరంగూడలో నా దగ్గర. మళ్ళీ అన్న, మళ్ళీ నేను. 2022లో అమ్మ పోయాక నేనూ అన్నా ఫోన్లో మాట్లాడుకుని చేసిన ఏర్పాటు ఇది. ఆయన్ని అడగలేదు, చెప్పాం. "సరే తియ్" అన్నాడు. సంగారెడ్డిలో ఆయన కట్టిన ఇల్లు కిరాయికిచ్చాం.

వంతు మారే రోజు సామాను పెద్దగా ఉండదు. ఒక సూట్‌కేసు, మందుల డబ్బా, చేతికర్ర, ఒక చిన్న ట్రాన్సిస్టర్. 2024 జూన్ చివర ఆ సామానుకు ఇంకోటి తోడయింది. ముఖాముఖి పెట్టి బెల్టుతో బిగించిన రెండు పలకలు. లోపల నలభై ఏళ్ళ నాటి బొమ్మ రైలు పట్టాలు.

ఆ రైలు మా ఇంటికి వచ్చింది 1986లో. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. నాయిన పటాన్‌చెరు ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక చిన్న కంపెనీ టూల్‌రూమ్‌లో ఫిట్టరు. 1972లో ఇక్రిసాట్ వచ్చాక పటాన్‌చెరులో తెల్లదొరలు కనపడడం వింత కాకుండా పోయింది. ఎక్కడెక్కడి దేశాల వాళ్ళో జొన్నల మీదా కందుల మీదా పరిశోధన చేయడానికి వచ్చి, కొన్నేళ్ళుండి పోయేవాళ్ళు. అట్లా వచ్చిన ఒక ఇంగ్లీషాయన గడ్డి కోసే మిషన్ షాఫ్టు విరిగితే, ఎవరో చెప్పగా నాయిన దగ్గరికి పంపాడు. నాయిన లేత్ మీద కొత్తది తిప్పి ఇచ్చాడు. డబ్బులు తీసుకోలేదు. ఎందుకు తీసుకోలేదంటే, కంపెనీ లేత్ మీద కంపెనీ ముక్కతో చేశాడు కాబట్టి. ఆ దొర కుటుంబం దేశం వదిలి వెళ్ళేటప్పుడు పిల్లలు పెద్దవాళ్ళయి ఆడడం మానేసిన ఈ డబ్బా నాయిన చేతిలో పెట్టి పోయింది.

డబ్బా మీద హార్న్‌బీ అని ఉంది. లోపల ఆరు చక్రాల చిన్న ఇంజను, రెండు బోగీలు, మూడు వ్యాగన్లు, గుండ్రటి పట్టాలు ఎనిమిది, నిడుపాటివి రెండు, గోడ కరెంటును పన్నెండు వోల్టులకు దించే కంట్రోలరు. దాని ప్లగ్గుకు పలక పిన్నులు. మన సాకెట్లో పట్టవు. నాయిన మొదట చేసిన పని ఆ ప్లగ్గు కోసేసి గుండ్రటి పిన్నులది వేయడం.

ఆ రైలు వెనక కథ నాకు చాలా ఏళ్ళ తర్వాత గానీ తెలియలేదు. లివర్‌పూల్‌లో మెకానో బొమ్మలు చేసిన ఫ్రాంక్ హార్న్‌బీ 1920లో రైళ్ళు మొదలుపెట్టాడు. అవి పట్టాల మధ్య 32 మిల్లీమీటర్ల వెడల్పుతో హాలు నిండా పరుచుకునేవి. మామూలు ఇళ్ళలో అంత చోటెక్కడిది? అందుకని అందులో సగం సైజు వచ్చింది, 16.5 మిల్లీమీటర్లు. 1938లో హార్న్‌బీ కంపెనీ కూడా ఆ సైజులో దిగింది, బల్ల మీద పట్టే రైలుగా. కాకపోతే ఇంగ్లండు ఇంజన్లు అసలే చిన్నవి, వాటిని ఇంకా కుదిస్తే అప్పటి మోటార్లు లోపల పట్టవు. దాంతో పట్టాలు ఒక కొలతలో, ఇంజన్లు కొంచెం పెద్ద కొలతలో చేశారు. ఇంజను 76.2వ వంతు, పట్టా 87వ వంతు. ఈ సంగతి చెప్తే నాయిన కాగితం తీసుకుని లెక్క వేశాడు. ఇంజను కొలతతో చూస్తే ఈ పట్టాల వెడల్పు 1257 మిల్లీమీటర్లు వస్తుంది. మన బ్రాడ్‌గేజీ 1676, మీటర్‌గేజీ 1000. "అటు గాదు, ఇటు గాదు" అన్నాడు. ఆయనకు అది నచ్చలేదని నాకర్థమైంది. నలభై ఏళ్ళు తన దగ్గర తప్పు కొలత ఉందని తెలిస్తే ఏ ఫిట్టరుకు నచ్చుతుంది?

అప్పట్లో మేం పటాన్‌చెరులో ఒక్క గది కిరాయి ఇంట్లో ఉండేవాళ్ళం. ఆదివారం పొద్దున కరెంటుంటే నాయిన నేల మీద పట్టాలు పరిచేవాడు. మంచం నిలబెట్టి గోడకు ఆనిస్తే తప్ప చోటు లేదు. నేల షాబాదు బండలు. రెండు బండల మధ్య సందు ఎగుడుదిగుడుగా ఉండి, సరిగ్గా ఒకే చోట ఇంజను పట్టా తప్పేది. నాయిన ఆ చోట సుద్దతో గీత గీసి, కింద అగ్గిపెట్టె అట్టముక్క దోపేవాడు. అన్నా నేనూ రెండు వైపులా బోర్లా పడుకుని రైలును చెంపకు దగ్గరగా పోనిచ్చేవాళ్ళం. మోటారు వేడెక్కితే ఒక వాసన వచ్చేది, నూనే నిప్పురవ్వా కలిసిన వాసన. అమ్మకు అన్నం వండడానికి దారి ఉండేది కాదు. "ఇంగ చాలు, లేవుండ్రి, టేషన్ బంద్" అనేది. పట్టాలు విప్పి, తుడిచి, ఒక్కొక్కటి పాత పంచె ముక్కలో చుట్టి డబ్బాలో పెట్టడం నాయిన పని. మమ్మల్ని ముట్టుకోనిచ్చేవాడు కాదు. ప్రతివారం విప్పడం, తగిలించడం వల్ల పట్టాల కొసన ఉండే చిన్న ఇనుప తొడుగులు వదులై, కరెంటు సరిగ్గా అందక రైలు అక్కడక్కడ ఆగేది.

"సొంతిల్లు కట్టినంక దీనికో బల్ల జేస్త. ఇంగ ఇప్పేది లేదు" అనేవాడు.

సొంతిల్లు 1998లో సంగారెడ్డిలో కట్టాడు. నక్షాలో వెనకవైపు ఒక చిన్న గది ఉంది. దాన్ని మేం రైలు గది అనేవాళ్ళం. గోడలు లేచేసరికి అప్పు పెరిగింది, ఆ గదికి వేరే తలుపు పెట్టి ఒక లెక్చరర్‌కు కిరాయికిచ్చారు. ఆయన పోయాక ఇంకొకరు. బల్ల మాట తర్వాత ఎవరూ ఎత్తలేదు. నేను ఇంటర్ అయి బయటికి పోయాను, అన్న ఉద్యోగంలో చేరాడు. డబ్బా అటక మీదికి ఎక్కింది.

సంగారెడ్డికి రైలు లేదు. ఇది చెప్తే హైదరాబాద్ వాళ్ళు కూడా నమ్మరు. జిల్లా పేరేమో మెదక్‌ది, కలెక్టరాఫీసు సంగారెడ్డిది అన్నట్టుండే కాలం నుంచీ పటాన్‌చెరు మీదుగా సంగారెడ్డి, జోగిపేట, మెదక్‌కు లైను కావాలని జనం అడుగుతూనే ఉన్నారు. 2016లో జిల్లాలు వేరుపడ్డాయి. 2022లో మెదక్‌కు రైలు వచ్చింది, అదీ అటువైపు అక్కన్నపేట నుంచి. జహీరాబాద్‌కు నిజాం కాలంలో వేసిన వికారాబాద్–బీదర్ లైను ఉంది. రామచంద్రాపురం బీహెచ్ఈఎల్‌కు తెల్లాపూర్ నుంచి సైడింగు ఉంది. మధ్యలో సంగారెడ్డి మాత్రం బస్సును నమ్ముకునే బతుకుతోంది. నాయిన సర్వీసంతా షిఫ్టు బస్సుల్లోనే గడిచింది. ఆయన జీవితం మొత్తంలో రైలెక్కింది పదిసార్లకు మించి ఉండదు.

డబ్బా మళ్ళీ కిందికి దిగింది 2020లో. లాక్‌డౌన్ రోజులు. అమ్మ ఉంది అప్పటికి. నేను సంగారెడ్డి ఇంట్లో ఇరుక్కుపోయాను. దగ్గర్లోనే కంది ఐఐటీలో కట్టుబడి పని చేసే వలస కూలీలు ఇంటికి పంపమని గొడవ చేశారని విన్నాం. రెండు రోజులకు, మే 1 తెల్లవారుజామున, వాళ్ళను బస్సుల్లో లింగంపల్లి తీసుకుపోయి జార్ఖండ్‌లోని హటియాకు రైలెక్కించారు. దేశం మొత్తమ్మీద వలస కూలీల కోసం నడిపిన మొదటి శ్రామిక్ రైలు అదే. పన్నెండు వందల పైచిలుకు మంది, 24 బోగీలు, 72 మంది పట్టే బోగీలో 54 మంది చొప్పున. టీవీలో ఆ రైలును చూపిస్తుంటే నాయిన రెప్ప వేయకుండా చూశాడు. మధ్యాహ్నం భోజనమయ్యాక "ఆ డబ్బా యాడున్నదిరా?" అన్నాడు.

దించాం. పట్టాలకు తుప్పు. పాత హార్న్‌బీ పట్టాలు ఉక్కువి. తర్వాత వచ్చినవి నికెల్ సిల్వర్‌వి, పేరులో వెండి ఉంది గానీ లోపల రాగి, నికెల్, జింకు. వాటికి తుప్పు పట్టదు. మావి మొదటి రకం. సన్నటి ఎమెరీ కాగితంతో, స్పిరిట్‌తో నాలుగు రోజులు తోమాం. ఇంజను విప్పి ఎండిపోయిన నూనె తీసి, కార్బన్ బ్రష్షులు శుభ్రం చేసి పెడితే, ఒకసారి ఉలిక్కిపడి కదిలింది. కానీ నేల మీద పరిచాక నాయిన కూర్చోలేకపోయాడు. మోకాళ్ళు. కుర్చీలో కూర్చుని పైనుంచి చూశాడు. పైనుంచి చూస్తే అది బొమ్మే. బోర్లా పడుకుని చూస్తేనే రైలు. ఆయన కాసేపు చూసి "తియ్యిరా ఇంగ" అన్నాడు.

బల్ల చేయాలన్న ఆలోచన అక్కడ పుట్టింది. చేయడానికి నాలుగేళ్ళు పట్టింది. ఈలోగా అమ్మ పోయింది, వంతులు మొదలయ్యాయి. బల్ల కాస్తా పలక కావలసి వచ్చింది. మూడు నెలలకోసారి ఊరు మారే మనిషి వెంట బల్ల ఎలా పోతుంది?

ముందు క్యారమ్ బోర్డు వెనక వేద్దామనుకున్నా. మా ఇంట్లోది 33 అంగుళాల బోర్డు. మా పట్టాల వంపు వ్యాసార్ధం 438 మిల్లీమీటర్లు, అంటే గుండ్రానికి అడ్డంగా 876. అంచు దాటి బయటికి వచ్చింది. నిడుపాటి పట్టాలు రెండూ కలిపితే పొడవు 1211. చుట్టూ కొంచెం జాగా వదిలితే 1300కు 960 పలక కావాలి. నాయిన వెంటనే పన్నెండు మిల్లీమీటర్ల ప్లైవుడ్డు, కింద టేకు చట్రం అన్నాడు. ఆయన చేసే వస్తువు ఏదైనా లారీ ఎక్కినా చెక్కుచెదరకూడదు. లెక్కేస్తే ప్లైవుడ్డే తొమ్మిది కిలోలు, చట్రంతో పద్నాలుగు పదిహేను. ఎవరు మోస్తారు? నేను థర్మాకోల్ అన్నా. ఆయన నన్ను చూసిన చూపు నేను మర్చిపోలేను. థర్మాకోల్ ఆయన దృష్టిలో సామాను విప్పాక పారేసే వస్తువు.

మా బెల్టులో అట్లా పారేసే వస్తువులకు కొదవ లేదు. ఇస్నాపూర్ చౌరస్తా దాటితే తుక్కు దుకాణాల్లో మిషన్ల ప్యాకింగుకు వచ్చిన గట్టి రకం థర్మాకోల్ దిమ్మలు కిలోల లెక్కన దొరుకుతాయి. రెండు అంగుళాల మందం ఉన్నవి ఏరుకొచ్చా. పైన నాలుగు మిల్లీమీటర్ల ప్లై అతికించాలి. మొదటిసారి చెప్పులకు వాడే పసుపు గమ్ము పూశా. పావుగంటలో థర్మాకోల్ కరిగి, ఎలుక కొరికినట్టు గుంటలు పడింది. "సూశినవా?" అన్నాడు నాయిన, ఇంకేం అనలేదు. రెండోసారి తెల్ల ఫెవికాల్. అది థర్మాకోల్‌ను తినదు గానీ మధ్యలో గాలి ఆడక ఆరదు. బియ్యం బస్తా బరువు పెట్టి రెండు రోజులు వదిలేశా. ఇంకో సంగతి చదివి తెలుసుకున్నా: మామూలు కరెంటు వైరు తొడుగు కూడా థర్మాకోల్‌కు ఆనుకుని ఏళ్ళ తరబడి ఉంటే దాన్ని మెల్లగా కరిగిస్తుందట, తాను బిరుసెక్కుతుందట. అందుకని కింద గాడి తీసి, అట్ట గొట్టంలోంచి వైర్లు పోనిచ్చా. పట్టాల కింద చెప్పుల దుకాణం నుంచి తెచ్చిన సోలు షీటు పరిచా. లేకపోతే సన్న ప్లై డప్పులా మోగుతుంది.

పలక రెండు ముక్కలు కావాలని నేనన్నప్పుడు అసలు గొడవ మొదలైంది. ఒకే ముక్కగా ఉంటే కారు వెనక సీట్లోకి రాదు, డిక్కీలోకి అసలే రాదు. 650కి 960 చొప్పున రెండు ముక్కలు. నాయిన చాలాసేపు మాట్లాడలేదు.

"దీన్ని గూడ రెండు జేస్తివా" అన్నాడు.

నాకు జవాబు తోచలేదు. వంటింట్లో మా ఆవిడ గిన్నెల చప్పుడు ఆగింది. కాసేపటికి ఆయనే, "జేస్తే జేశినవ్ గని, అతుకు ఎట్ల గూర్చుంటది? డోవెల్ పిన్నులు బెడ్తవా, ఊకె బోల్టులేనా?" అని అడిగాడు.

బోల్టులే అనుకున్నా నేను. బోల్టు బిగించడానికి పనికొస్తుంది, కుదురు పెట్టడానికి పనికిరాదట. బోల్టుకూ రంధ్రానికీ మధ్య ఎప్పుడూ కొంత ఆట ఉంటుంది. కుదురు పెట్టేది డోవెల్ పిన్ను. ఆయన పాత పనిముట్ల డబ్బాలో ఆరు మిల్లీమీటర్ల గ్రైండింగ్ చేసిన పిన్నులు, నూనె కాగితంలో చుట్టినవి, నాలుగున్నాయి. రిటైరయి పదిహేనేళ్ళయినా మీద మరక లేదు. పటాన్‌చెరులో ఒక లేత్ షాపులో వాటికి ఇత్తడి బుష్షులు తిప్పించుకొచ్చా. థర్మాకోల్‌లో పిన్ను నిలవదు కాబట్టి అతుకు దగ్గర రెండు ముక్కలకూ పూర్తి వెడల్పు చెక్క పట్టీలు వేశా.

రంధ్రాలు కొలిచి వేశా. స్కేలు పెట్టి, పెన్సిల్ గీత గీసి, చాలా జాగ్రత్తగా. కలిపితే ఒక మిల్లీమీటరు తేడా. ఒక మిల్లీమీటరే కదా అన్నా. నాయిన పట్టాకు అడ్డంగా బొటనవేలి గోరు పెట్టి లాగాడు. "గోరు తగుల్తున్నది. చక్రం గూడ తగుల్తది." ఆయనకు చేతులు వణుకుతాయి ఇప్పుడు. డ్రిల్లు పట్టుకోలేడు. టీ గ్లాసు కూడా సగం వరకే పోస్తాం. కానీ గోరుకు తెలుస్తుంది. టూల్‌రూమ్‌లో పని కొలత థౌలలో, అంటే అంగుళంలో వెయ్యో వంతుల్లో. మిల్లీమీటరంటే ముప్పై తొమ్మిది థౌలు. ఆ లెక్కలో నాది పెద్ద తప్పే.

ఆ పట్టీలు పీకించాడు. కొత్త పట్టీలు తెచ్చాక, వాటిని ఒకదానికొకటి ఆనించి సీ-క్లాంపులతో బిగించమని, రెండింట్లోంచీ ఒకేసారి రంధ్రం వేయమని చెప్పాడు. కొలత లేదు, గీత లేదు. పట్టాల విషయం ఇంకా తమాషా. నేను పట్టాను ముందే సగానికి కోసి, ఒక్కో ముక్కా ఒక్కో పలక మీద బిగిద్దామనుకున్నా. వద్దన్నాడు. పలకలు రెండూ కలిపి బిగించాలి, అతుకుకు ఇరుపక్కలా ఇత్తడి మరలు దిగగొట్టాలి, పట్టాను కొయ్యకుండా నిండుగా వాటి మీద పెట్టి టంకం వేయాలి. అంతా అయ్యాక సన్న రంపంతో పైనుంచి ఒక్క కోత.

"కలిశున్నప్పుడే కొయ్యాలె. కోసినంక కలుపుదమంటె కలవది."

ఫిట్టర్ల మాట అది. ఆయన వేరే అర్థంతో అన్నాడని నేను అనుకోను. అయినా ఆ రాత్రి అన్నకు ఫోన్ చేసి చాలాసేపు వేరే ఏవేవో మాట్లాడా.

ఉక్కు పట్టాకు టంకం తేలిగ్గా పట్టదు. ఆకురాయితో రుద్ది మెరుపు తేవాలి, ఫ్లక్సు పూయాలి. ఎక్కువసేపు ఇస్త్రీ పెడితే కింద ప్లాస్టిక్ పట్టెలు కరుగుతాయి. రెండు పట్టెలు కరిగాయి. మొత్తానికి పలకలు పట్టాలతో సహా ఏడు కిలోలకు తేలాయి. దోమతెర కర్రల్లా విడిగా కాళ్ళు చేద్దామనుకున్నా గానీ, డైనింగ్ టేబుల్ మీద పెడితే నాయిన కుర్చీలో కూర్చున్నప్పుడు పట్టా సరిగ్గా ఆయన గదమ ఎత్తుకు వచ్చింది. కాళ్ళ ఊసు వదిలేశా.

మా అమ్మాయి ఆకుపచ్చ రంగు వేసి, స్క్రబ్బరు ముక్కలతో పొదలు చేసింది. పసుపు అట్ట మీద నల్ల అక్షరాలతో స్టేషన్ బోర్డు కూడా రాసింది, తెలుగు, హిందీ, ఇంగ్లీషుల్లో: సంగారెడ్డి. తాత సంతోషిస్తాడనుకుంది. నేనూ అనుకున్నా. నాయిన కళ్ళద్దాలు సవరించుకుని చదివి, "లేని టేషన్ ఎందుకు బెడ్తవ్ బిడ్డా?" అన్నాడు. అది చిన్నబుచ్చుకుంది. మరి ఏం రాయను తాతా అంటే, ఉత్తగా ఉంచమన్నాడు. వెనక్కి తిప్పి అతికించింది. ఇప్పటికీ దాని మీద ఏమీ లేదు, పసుపు రంగు తప్ప.

జూన్ చివరి ఆదివారం జహీరాబాద్ దింపి వచ్చా. సదాశివపేట దగ్గర టీకి ఆగినప్పుడు హోటలాయన వెనక సీటు చూసి క్యారమ్ బోర్డా అని అడిగాడు. "రైలు" అన్నాడు నాయిన. వివరం చెప్పలేదు. అన్న ఇంట్లో నేను చేయి వేయబోతే ఆపి, అన్నతోనే పిన్నులు పెట్టించాడు. వింగ్ నట్లు బిగించడం వదినకు చూపించాడు. నేను వచ్చేసేటప్పటికి అన్న, యాభై దాటిన మనిషి, టేబుల్‌కు చెంప ఆనించి ఒక కన్ను మూసుకుని చూస్తున్నాడు.

ఆగస్టులో వానలు పట్టినప్పుడు ఒక రాత్రి నాయిన ఫోన్ చేశాడు. హలో అనకముందే "ఇను" అని, ఫోన్ పట్టాల పక్కన పెట్టాడు. మోటారు గుయ్యిమంటోంది. దాని మీద టకటక. కాసేపటికి మళ్ళీ టకటక.

"మొదటిది మంచిగనే ఉన్నది. రెండోది కొడ్తున్నది. తడికి కట్టె ఉబ్బింది. ఆరు మిల్లీమీటర్ల రీమర్ దొరుకుతదా ఆడ?"

దొరుకుతుంది నాయినా, అక్టోబర్లో నువ్వు వచ్చినప్పుడు చూద్దాం అన్నా.

"అక్టోబర్ దాక ఎవడాగుతడు? ఆదివారం రా."